నీళ్లు ఎడమ చేతి పక్కన: వాకాడు తీరంలో ఒక చలికాలపు నడక

నా నోటుపుస్తకంలో చలికాలంలో నడవవలసిన దారుల పట్టిక ఒకటి ఉంది. గుర్రంకొండ కోట మీదికి వెళ్లే దారి అందులో మొదటిది, సముద్రతీరం పదకొండవది. మదనపల్లెలో మోటార్లకు వైండింగ్ కట్టే దుకాణం నడుపుకుంటూ, సెలవు దొరికిన ఆదివారాలలో ఒక్కొక్కటిగా పది దారులు పూర్తిచేశాను. పదకొండవది మాత్రం ఏళ్ల తరబడి అలాగే మిగిలిపోయింది. దూరం ఒక్కటే కారణం కాదు. సముద్రం పక్కన నడవడం తెలిసిన మనిషి తోడు లేకుండా అటు వెళ్లకూడదని నేను పెట్టుకున్న నియమం. కుప్పంలో డ్రిల్ మాస్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన నాగరాజప్ప గారు ప్రతి చలికాలంలో కొద్దిమందిని అటువంటి నడకలకు తీసుకువెళుతుంటారు. ఈ జనవరిలో వాకాడు దాటాక ఉన్న ఒక జాలర్ల పట్టపుపాళెం నుంచి నడుస్తున్నామనీ, దారి చూపడానికి అక్కడి చేపల వేట మనిషి ఒకాయన ఒప్పుకున్నాడనీ ఆయన ఫోన్ చేసినప్పుడు, వెంటనే నా పేరు రాయించాను.

మా బావ మునిరత్నం పేరు రాయించడం అనుకోకుండా జరిగింది. ఆయన మా సరోజక్క భర్త. సోమల దగ్గర టమోటా పండిస్తాడు. యాభై నాలుగేళ్లు వచ్చినా సముద్రం చూడలేదు. ఉన్న ఒక్క పాత బోరూ ఎండిపోయిన వారంలో కాలిపోయిన మోటారును నా దుకాణానికి తెచ్చి, బల్ల మీద పెట్టి, "నాలుగు బోర్లు ఏసినా రమణా, దుమ్ము లేసింది గానీ సుక్క తడి రాలే. ఆ నీళ్లన్నీ పొయ్యి యాడ కూసున్యాయో ఒక తూరి కండ్లతో సూడాల. నన్నూ తోడుకొని పో" అన్నాడు. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. "తోడుకొని పొయ్యేది నువ్వే, తోడుకొని వచ్చేదీ నువ్వే. ఆయప్ప దోవన పోతే తలకాయ ఎత్తడు, నేలనే సూస్తా పోతాడు. నీకు తెలుసు గదా" అంది. తెలుసునని చెప్పాను. నోటుపుస్తకంలో తీసుకువెళ్లవలసిన వస్తువుల కింద, నీళ్ల సీసాకూ టార్చిలైటుకూ మధ్య, "బావ" అని రాసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు మీదుగా పలమనేరు వెళ్లే బస్సు ఎక్కాను. ఈ బస్సులు తరచుగానే ఉంటాయి, ముందుగా టిక్కెట్టు అవసరం లేదు. మా ఊరి మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరైన గ్రేసమ్మ గారు కూడా అదే బస్సు ఎక్కారు. అరవై దాటిన మనిషి, నా కన్నా వేగంగా నడుస్తారు. బావ పుంగనూరులో ఎక్కాడు. చేతిలో అక్క కట్టిచ్చిన చెనిక్కాయ ఉండల డబ్బా, భుజాన తువ్వాలు. మంచు పడుతుందేమోనని గ్రేసమ్మ గారు అంటే ఆయన నవ్వాడు. చిన్నతనంలో గొర్రెలు మేపేటప్పుడు ఒకసారి పెద్ద మంచులో చెరువు దగ్గర తప్పిపోయాడట. "అట్లాంటప్పుడు ఒగటే పని సిస్టరమ్మా. నీళ్లు ఎడమ చెయ్యి పక్కన పెట్టుకోని నడస్తానే ఉండాల. నీళ్లలో మాత్రం కాలు పెట్టగూడదు. ఎంత పెద్ద చెరువైనా కట్ట మీదికి తెచ్చి వదులుతాది" అన్నాడు. మా వైపు పిల్లలందరికీ చెప్పే మాటే అది. నేను కూడా తల ఊపాను. ఇప్పుడు రాస్తుంటే ఆ తల ఊపడమే కళ్ల ముందు కనబడుతోంది.

పలమనేరులో రెండున్నరకు కుప్పం నుంచి వచ్చిన వ్యాను మమ్మల్ని ఎక్కించుకుంది. చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు మీదుగా పాళెం చేరడానికి మధ్యలో కాఫీలతో కలిపి ఐదు గంటలు పట్టింది. వ్యానుకు రానూపోనూ తలకు రెండు వేలు, దారి చూపినందుకు తలకు ఐదు వందలు. మొత్తం నడిచేవాళ్లం నలుగురమే. ఇంకో నలుగురు చలికి భయపడి మానుకున్నారని నాగరాజప్ప గారు చెబుతుంటే, బండి నడిపే సెల్వం అద్దంలో చూస్తూ, "భయపడింది చలికి కాదు సార్, మీ విజిలుకి" అన్నాడు. నాగరాజప్ప గారి మెడలో ఆ విజిల్ ఇంకా వేలాడుతూనే ఉంది. "నువ్వు నా దగ్గర సదువుకోనుంటే ఇట్లా గుంతల్లో బండి తోలుతాండవు కాదప్పా" అని ఆయన తిప్పికొట్టారు.

ఏడున్నరకు పాళెం చేరాము. బస తుఫాను షెల్టరులో. చాపలు అక్కడే ఇస్తారు, దుప్పటి మాత్రం మీరు తెచ్చుకోవాలి. మాకు దారి చూపే పోలయ్య అరవై ఏళ్ల సన్నని మనిషి. ఆయన భార్య కావమ్మ తలకు నూట ఇరవై రూపాయలకు అన్నం, చేపల పులుసు పెట్టింది. బావ తన విస్తట్లో అన్నాన్ని గుండ్రంగా కట్టలా పేర్చి మధ్యలో పులుసు పోయించుకున్నాడు. కావమ్మ చూసి, "అట్టా అడ్డకట్ట ఏస్తే ఆగేది కాదు అబ్బయ్యా మా ఊరి పులుసు" అంది. అన్నట్టే ఒక పక్కన తెగి విస్తరంతా పారింది. అందరం నవ్వాము. పోలయ్య నవ్వలేదు. ఉదయం మంచు కురుస్తుందని గాలిని బట్టి చెప్పి, ఒక్క మాట అన్నాడు. "మంచులో గొంతును నమ్మబాకండి. యాడ నించో వచ్చినట్టు ఉంటాది, ఇంకాడ నించి వస్తాది."

ఆదివారం ఉదయం ఆరుంబావుకు బయలుదేరాము. తెల్లవారింది గాని వెలుగు ఎటునుంచి వస్తోందో తెలియలేదు. మా చలికాలపు మంచు పొలాల మీద పరుచుకుని ఉంటుంది, పైన ఆకాశం కనబడుతుంది. ఇది అలా కాదు. చాచిన చేతి వేళ్లు మసకగా ఉన్నాయి. సముద్రం ఎక్కడో ఒక పక్కన ఉండాలి, కాని దాని చప్పుడు ముందునుంచీ వెనకనుంచీ ఒకేలా వస్తోంది. బావ ఆగి, "యాడ ఉండాది?" అని అడిగాడు. పోలయ్య ఎడమ వైపు చెయ్యి చూపించాడు. అటు తెల్లదనం తప్ప మరేమీ లేదు. "నూరడుగులు" అన్నాడు.

ముప్పావు గంట నడిచాక ఒక నీటి పాయ అడ్డం వచ్చింది. దాని అవతల రెండు కిలోమీటర్ల పొడవున్న ఇసుక దిబ్బ. తూర్పున సముద్రం, పడమర సముద్రం లోపలికి చొచ్చి నిలిచిన వెనకనీళ్లు, దక్షిణపు కొన దగ్గర ఆ నీళ్లు సముద్రంలో కలిసే మొగ. మేము ఆనుకుని నిలబడిన ఈ పాయ ఉత్తరాన ఆ రెండు నీళ్లనూ కలుపుతుంది. ఉదయంపూట మోకాలి లోతు ఉంటుంది. పోటు ఎక్కితే నడుము దాటుతుంది, ఈడ్పు కూడా ఉంటుంది. అప్పుడు దిబ్బ లంక అయిపోతుంది. పది గంటల లోపు వెనక్కి దాటేయాలని పోలయ్య మూడుసార్లు చెప్పాడు. దాటిన తరువాత నాలుగు సరుగుడు కర్రలు తలకు ఒకటి చొప్పున ఇచ్చి, ఒడ్డుకు ఇరవై అడుగుల పైన పొడి ఇసుకలో గుచ్చమన్నాడు. తిరిగి వచ్చాక ఎవరి కర్ర వారు పీకాలి. "మా నాయన చెప్పిన పద్ధతి. మనిషి అబద్ధం చెప్తాడు, కర్ర చెప్పదు" అన్నాడు. మా ముగ్గురివీ బూట్లు. బావ చెప్పులు ఇసుకలో దిగబడుతుంటే విసుగెత్తి వాటిని తన కర్ర పక్కనే విడిచి, వట్టి కాళ్లతో నడిచాడు. ఆయన ఎడమ కాలి బొటనవేలు ఎప్పుడో నాగలి తగిలి పక్కకు తిరిగిపోయింది. తడి ఇసుకలో ఆ వంకర వేలు ప్రతి అడుగులోనూ స్పష్టంగా పడుతోంది.

సముద్రం పక్కనే దక్షిణంగా నడిచాము. అల వచ్చి బూటు ముందు చచ్చిపోయినప్పుడు మాత్రం నురుగు కనబడేది. సగం దూరంలో ఇసుకలోంచి ఒక సిమెంటు పలక లేచి ఉంది. దగ్గరకు వెళితే అది ఇంటి మిద్దె. కిటికీ పైభాగం నేలకు ఆనుకుని ఉంది. కడ్డీల వెనక గది నిండా ఇసుక. అటువంటివి వరుసగా ఆరు లెక్కపెట్టాను. ఒక తుఫాను తరువాత ఆ ఇళ్లవాళ్లు అవతలి ఒడ్డుకు మారిపోయారట. ఒక గోడ మీద, నా మోకాలి ఎత్తున, పసిపిల్లలు సుద్దతో గీసే తీరు బొమ్మ ఒకటి చెరగకుండా ఉంది. ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో పోలయ్యకూ తెలియదు. గ్రేసమ్మ గారు మెల్లగా ఏదో ప్రార్థన చెప్పుకున్నారు. నాగరాజప్ప గారు విజిల్ జేబులో పెట్టేసుకున్నారు.

దిబ్బ కొనకు కాస్త ఇవతల, లోపలి పల్లంలో దొరువు ఉంది. ఇసుకలో చేతులతో తవ్విన లోతులేని గుంట, చుట్టూ తాటాకులు. పోలయ్య ముంతతో ముంచి ఇచ్చాడు. తియ్యటి నీళ్లు. రెండు పక్కలా ఉప్పునీళ్లు, మధ్యలో మూరెడు లోతున మంచినీళ్లు. బావ ముంత దించలేదు. మళ్లీ ముంచి తాగాడు, మళ్లీ ముంచాడు. "ఎన్నడుగులకు పడినాయి?" అని అడిగాడు. "అడుగులేంది అబ్బయ్యా, మూర" అన్నాడు పోలయ్య. బావ ముఖం చూసి నాకు ఎందుకో భయం వేసింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని దొరువు పక్కనే తన చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టాడు. ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువగా ఉండగా పోలయ్య లేవమన్నాడు. బావ "వస్తాండా, మీరు పదండి" అన్నాడు. అందరం లేచాము. ఆయన కూడా లేచాడనే అనుకున్నాను.

తిరుగుదారి పడమటి పక్కన, వెనకనీళ్ల వెంబడి. అరగంటకు ఒకసారి మనుషులను లెక్కపెట్టడం నా అలవాటు. ఎనిమిదింబావుకు ఆగి ముందూ వెనకా చూశాను. నేను కాక నలుగురు ఉండాలి. మంచులో నలుగురు నిలబడి ఉన్నారు. నోటుపుస్తకంలో "నలుగురు" అని రాసి టిక్కు పెట్టాను. ఆ నాలుగో మనిషి వల ఆరవేసిన గుంజ అని తరువాత తెలిసింది. నేను లెక్కపెడుతున్నప్పుడు అది తువ్వాలు కప్పుకున్న మనిషిలాగే ఉంది. లెక్క సరిపోయిందని నేను పక్క మనిషి ముఖం కూడా చూడలేదు.

ఎనిమిదీ ముప్పై ఐదుకు పాయ దగ్గరకు చేరాము. నాగరాజప్ప గారు తన కర్ర పీకారు, గ్రేసమ్మ గారు పీకారు, నేను పీకాను. నాలుగోది అలాగే నిలబడి ఉంది. దాని పక్కన బావ చెప్పులు, ముందరికి నడవబోతున్నట్టు జతగా. పోలయ్య ఆ కర్ర వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. "బావా!" అని అరిచాను. మంచు ఆ అరుపును మింగేసి, కాసేపటికి సముద్రం వైపు నుంచి సన్నగా తిరిగి ఇచ్చింది. అక్క మాటలు చెవిలో పడ్డాయి. తోడుకొని పొయ్యేది నువ్వే, తోడుకొని వచ్చేదీ నువ్వే. బావ ఫోన్ షెల్టరులో చార్జింగు పెట్టి ఉంది. ఉన్నా ప్రయోజనం లేదు, దిబ్బ మీద సిగ్నల్ రాదు. దాటడానికి మిగిలింది గంటా ఇరవై ఐదు నిమిషాలు.

ఒకరిని ఇక్కడ ఉంచి వెళదామని నాగరాజప్ప గారు అంటే పోలయ్య ఒప్పుకోలేదు. "మంచులో ఒంటరిగా ఎవురినీ వదిలేది లేదు. ఒకరు పొయ్యింది చాలు." నలుగురం కలిసి సముద్రం పక్కనే మళ్లీ దక్షిణంగా, దాదాపు పరుగులాంటి నడకతో బయలుదేరాము. నాగరాజప్ప గారు విజిల్ ఊదుతూనే ఉన్నారు. తొమ్మిదీ ఐదుకు దొరువు చేరాము. అక్కడ బావ లేడు. ఆయన తవ్విన గుంట ఉంది, అందులో అరచెయ్యి లోతున నీళ్లు. గట్టు మీద ఒక చెనిక్కాయ ఉండ పెట్టి ఉంది, నీళ్లు పడిన చోట మా వాళ్లు ఏదో ఒకటి పెట్టినట్టుగా. అక్కడినుంచి వంకర వేలు అడుగులు తూర్పుకు, సముద్రం వైపు వెళ్లాయి. ఆ అడుగులు నీళ్ల దాకా సాగడం చూసి నేను ఆగిపోయాను. గ్రేసమ్మ గారు నా కన్నా ముందుకు వెళ్లి వంగి చూశారు. "నీళ్లలోకి పోలేదప్పా. పక్కకు తిరిగినాడు. ఇట్లా రా" అన్నారు.

అడుగులు నీటి అంచునే దక్షిణంగా వెళ్లి, కొన చుట్టూ తిరిగి, పడమటి పక్కన ఉత్తరంగా సాగాయి. ఎక్కడా తడబాటు లేదు, దారి తెలిసిన మనిషి అడుగులు. మొదట్లో మా పాత బూట్ల గుర్తులకు పక్కగా, తరువాత వాటి మీదుగా. వల గుంజ దగ్గర ఆగకుండా వెళ్లాయి. తొమ్మిదిన్నర దాటాక పాయ దగ్గరకు వచ్చేశాము. కర్ర, చెప్పులు పైన అలాగే ఉన్నాయి. అడుగులు మాత్రం వాటికి ఇరవై అడుగుల కిందుగా, నీటి అంచునే నడిచి, దాటే చోటును దాటిపోయి, మళ్లీ సముద్రం వైపు తిరిగాయి. అక్కడ పోలయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. గంట కిందట మేము వెతకడానికి వెళ్లినప్పటి బూట్ల గుర్తులు ఉన్నాయి. వాటి మీద, మా మడమల మీద, వంకర వేలు పడి ఉంది.

"ఈయన మన ముందర లేడు" అన్నాడు పోలయ్య. "మన ఎనకాల ఉండాడు."

నేను వెనక్కి చూశాను. తెల్లదనం తప్ప ఏమీ లేదు. మేము ఆయన కోసం పరుగెత్తినంతసేపూ ఆయన మా వెనకే నడుస్తూ వచ్చాడు. గ్రేసమ్మ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. నాగరాజప్ప గారు మళ్లీ ఒక చుట్టు పరుగెత్తుదామన్నారు. అప్పుడు నాకు బస్సులో విన్న మాట గుర్తుకు వచ్చింది. దొరువు నుంచి తూర్పుకు వచ్చిన మనిషి నీళ్లను ఎడమ చేతి పక్కన పెట్టుకుంటే దక్షిణానికే తిరుగుతాడు. కొన దగ్గర తిరుగుతాడు. పాయ దగ్గరకు వచ్చినా అది నీళ్లే కనుక కాలు పెట్టడు, ఎడమ చేతి పక్కనే ఉంచుకుని మళ్లీ తిరుగుతాడు. ఆయన కట్ట కోసం నడుస్తున్నాడు. కట్ట వచ్చేదాకా ఆగడు. మేము కూడా తెలియకుండా అదే దిశలో తిరిగాము. ఇంకో నూరు చుట్లు తిరిగినా కలిసేవాళ్లం కాదు.

ఈ సంగతి పోలయ్యకు చెప్పాను. ఎదురు వెళదామన్నాడు. కాని మంచులో పది అడుగుల పక్కనుంచి దాటిపోతే? నీటి అంచున ఒక చోట కదలకుండా ఉంటే ఆయనే నా దగ్గరకు వస్తాడని నా లెక్క. ఉదయం నుంచి నా లెక్క ఒకసారి తప్పింది. పోలయ్య ఒప్పుకుని, మిగిలిన ఇద్దరినీ దాటించడానికి తీసుకువెళ్లాడు. అప్పటికే నీళ్లు తొడల దాకా వచ్చాయి. "ఒంటరిగా వదిలేది లేదంటివి గదప్పా" అని గ్రేసమ్మ గారు అడిగితే, "ఈయన కదలడు గదమ్మా, కదిలేవాళ్లతోనే భయం" అన్నాడు.

పైన గుచ్చి ఉన్న బావ కర్రను నేను కిందికి తెచ్చాను. నిలబెట్టలేదు. నిలబెట్టిన కర్రను తల ఎత్తనివాడు చూడడు. బావ పాత అడుగుల మీద దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, అవతలి పక్కన ఆయన చెప్పులు పెట్టి, నేను వెనకగా కూర్చున్నాను. నోటుపుస్తకం తీయలేదు. నీళ్లు కర్ర కొసను తాకి వెనక్కి వెళ్లాయి. రెండోసారి ఇంకొంచెం పైకి వచ్చాయి. పడమటి వైపు ఎవరో దగ్గారు. పిలిచాను. పలకలేదు. అదే దగ్గు మళ్లీ, ఈసారి నీళ్ల మీద నుంచి వచ్చినట్టు వినిపించింది. నేను ఎదురుచూస్తున్నది బావ కోసమేనా, లేక ఆ అడుగులను వేస్తున్నది ఇంకెవరైనానా అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని దాచకుండా రాస్తున్నాను.

పదికి ఎనిమిది నిమిషాలు తక్కువ. మంచులోంచి ముందు రెండు పాదాలు వచ్చాయి, తరువాత మనిషి. తల దించుకుని, తువ్వాలు కప్పుకుని, తొందర లేకుండా వస్తున్నాడు. కర్ర దగ్గర ఆగాడు. "ఈ చెప్పులు నా వాటి మాదిరే ఉండాయే" అన్నాడు నేలతో.

"నీవే బావా."

తల ఎత్తాడు. "నువ్వు యాల ఈడ కూసున్యావు? కట్ట ఇంకా రాలే గదా."

నేను లేచి ఆయన భుజం పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. అంత పిలిస్తే ఎందుకు పలకలేదని అడిగాను. "ఇనపడె. నీళ్లలో నుంచి పిలిచినట్టుండె. అట్లా పిలిస్తే పలకగూడదని మా అవ్వ చెప్పిండ్లా?"

"ఎవరి వెనకాల వస్తాండావు?"

"ఎవురో ముందర పోతాండారు రమణా. కనపడరు. వాళ్ల అడుగులు పట్టుకోని వస్తాండా." జాలిగా, "పాపం ఆయప్పకూ నా మాదిరే ఏలు వంకర. నాగలి తగిలినట్టుండాది" అన్నాడు.

ఆయన పాదాన్ని, దాని ముందరున్న అడుగునూ చూపించాను. చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. తరువాత తన పాదాన్ని ఆ గుర్తులో పెట్టి సరిచూసుకున్నాడు. పాయలోంచి పోలయ్య గెడకర్రతో వచ్చాడు. నీళ్లు నడుము పైకి ఉన్నాయి. బావ అంచున నిలిచిపోయాడు. "నీళ్లలో కాలు పెట్టగూడదప్పా" అన్నాడు. "ఈ నీళ్లలో పెట్టకుంటేనే పోతావు అబ్బయ్యా" అని పోలయ్య ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఒక పక్క పోలయ్య, ఒక పక్క నేను. మధ్యలో ఈడ్పు నా కాలిని ఒకసారి నేలనుంచి లేపింది. ఆ క్షణంలో బావే నన్ను పట్టి నిలిపాడు. గట్టెక్కాక పోలయ్య మాతో తెచ్చిన నాలుగో కర్రను ముక్కలుగా విరిచి నీళ్లలోకి విసిరాడు. గుచ్చినవాడు పీకని కర్ర ఇంటికి రాకూడదట.

పదిన్నరకు మంచు తెర తీసినట్టు వెళ్లిపోయింది. మొదటిసారి ఆ పక్కన ఉన్న సముద్రం మొత్తం కనబడింది. బావ గ్రేసమ్మ గారు ఇచ్చిన పొడి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. నేలను చూడడం మాని తల ఎత్తి, ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా చూశాడు. రెండు గంటలు దాని అంచునే తిరిగి ఇప్పుడు చూస్తున్నాడు. "దీనికి కట్టే లేదు గదప్పా" అన్నాడు చివరకు. నాగరాజప్ప గారు నవ్వబోయి మానుకున్నారు. వ్యానులో నాయుడుపేట దగ్గర అక్క ఫోన్ వచ్చింది. నేను మాట్లాడకుండా ఆయనకే ఇచ్చాను. "సూస్తి" అన్నాడు. "చానా ఉండాయి. మన చెరువంత నమ్మకస్తురాలు కాదు." తరువాత ఆ దొరువు గురించి, మూరెడు లోతున తియ్యటి నీళ్ల గురించి తిరుపతి వచ్చేదాకా అక్కకు చెబుతూనే ఉన్నాడు. తప్పిపోయిన సంగతి మాత్రం చెప్పలేదు. సోమల వెళ్లి ఆ మర్నాడు నేనే చెప్పాను. "తోడుకొని వస్తివి గదా" అంది అక్క.

పుట్టిన చోట నేర్చుకున్న తెలివి అబద్ధం కాదు. అది తన నేల మీద వందసార్లు నిజమవుతుంది, అందుకే ఇంకో నేల మీద దాన్ని అనుమానించం. బావను తిప్పింది అజ్ఞానం కాదు, చిన్నతనంలో ఆయన ప్రాణం కాపాడిన తెలివే. నన్ను మోసగించింది కూడా నా అలవాటే, సరిపోయిన లెక్కను తిరిగి చూడకపోవడం. పదకొండవ దారి ఎదుట టిక్కు పెట్టాను. ఎనిమిదింబావుకు రాసిన "నలుగురు" అన్న మాటను కొట్టివేయలేదు, అలాగే ఉంచాను. కొన్ని రాత్రులు ఆ పుట తెరిస్తే, తువ్వాలు కప్పుకున్న ఆ నాలుగో ఆకారం గుంజలాగా కాక మనిషిలాగే గుర్తుకు వస్తుంది.

మీరు చలికాలంలో ఈ తీరానికి వెళ్లేటట్లయితే ఒక్కటి పాటించండి. బయలుదేరే ముందే, విడిపోయినవాళ్లు ఏ చోట ఆగి కూర్చోవాలో అందరూ కలిసి నిర్ణయించుకోండి. తప్పిపోయానని తెలిసిన మనిషి ఆగుతాడు. దారి తెలుసునని నమ్మినవాడే నడుస్తూ పోతాడు, కనుక మీలో అటువంటివారు ఎవరో చూసి, ఆ చోటును ముందుగా వారి చేతనే చెప్పించండి.